మాడిన ఎరుపుకూ అరలో చోటు

పాత పింగాణీ సేకరించేవారిలో ఎర్ర గ్లేజు పాత్రల కోసం తపించేవాళ్లది వేరే వరస. తెలుపు మీద నీలం బొమ్మలున్న చైనా పింగాణీని ఎవరైనా చూసి మెచ్చుకుంటారు. అందులో చూడ్డానికి చెట్లూ, పిట్టలూ, వంతెనలూ ఉంటాయి. ఈ ఎర్ర కూజా మీద ఏ బొమ్మా ఉండదు. మెడ నుంచి పాదం దాకా ఒకటే రంగు. ఆ రంగు పండిందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. అందుకే ఈ సేకరణలో ఒక సూత్రం బలంగా పాతుకుపోయింది. ఎరుపు చిక్కగా, సమంగా, మచ్చ లేకుండా ఉంటే కొను. బూడిదరంగుకు తిరిగినా, కాలేయం రంగుకు మాడినా, అక్కడక్కడ ఆకుపచ్చ తేలినా వదిలెయ్. వేలం కేటలాగుల్లో పొగడ్తలు ఈ సూత్రాన్నే పట్టుకుని నడుస్తాయి, ధరలు ఆ పొగడ్తల వెంట నడుస్తాయి. ఈ సూత్రం సేకరణకు చేటు చేస్తోందన్నది నా వాదన. నిండు ఎరుపు గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ రంగు తప్పిన పాత్రలకు చోటివ్వని సేకరణ ఎంత ఖరీదైనదైనా అలంకరణ దగ్గరే ఆగిపోతుంది. అందులోని మంచి పాత్ర ఎందుకు మంచిదో కూడా అది చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఈ పాత్రల్లో మేటివాటికన్నిటికీ రంగునిచ్చేది రాగి. గ్లేజులో కలిసేది చాలా కొంచెం, నూటికి ఒక పాలు కూడా ఉండదు. గాలి బాగా ఆడే మంటలో కాలిస్తే ఆ రాగి చిలుము రంగులో, అంటే ఆకుపచ్చగా తేలుతుంది. ఎరుపు రావాలంటే బట్టీకి గాలి బిగించి లోపల పొగ కమ్మించాలి. చాలినంత ఆక్సిజన్ దొరకని మంట గ్లేజులోని రాగి ఆక్సైడు నుంచే దాన్ని లాక్కుంటుంది. అప్పుడు రాగి లోహంగా మారి, కంటికి ఆననంత సన్నటి రేణువులై, గాజులాంటి గ్లేజులో చెదిరి ఉండిపోతుంది. మనం చూసే ఎరుపు ఆ రేణువుల చలవే. ఇదంతా దాదాపు 1250 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో జరగాలి. ఆ వేడికి రాగి కొంత ఆవిరైపోతూ ఉంటుంది కూడా. రాగి మరీ తగ్గితే రంగే ఉండదు, ఎక్కువైతే కాలేయం రంగుకు మాడుతుంది. గాలి అదుపు తప్పితే ఆకుపచ్చ మచ్చలు తేలతాయి, పొగ హద్దు మీరితే ఎరుపు మసకబారి బూడిద తిరుగుతుంది. గ్లేజు కరిగి కిందికి జారితే అంచు దగ్గర పొర పలచబడి తెల్లబోతుంది, పాదం దగ్గర పేరుకుని నల్లెరుపుకు దిగుతుంది. చల్లారే వేళ గాలి ముందుగా చొరబడినా పైపొర మారిపోతుంది. అంటే, తప్పిపోయిన ప్రతి రంగూ ఆ బట్టీలో ఏ ఘడియలో ఏం జరిగిందో చెప్పే వాంగ్మూలం. నిండుగా పండిన ఎరుపు చెప్పేది ఒక్కటే సంగతి, అన్నీ కుదిరాయని. ఎలా కుదిరాయో తెలుసుకోవాలంటే కుదరనివాటినే అడగాలి.

చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. చైనాలో హునాన్ ప్రాంతపు చాంగ్‌షా బట్టీల్లో తాంగ్ వంశం నాటికే రాగి ఎరుపు అక్కడక్కడ కనిపిస్తుంది. హెనాన్‌లోని జున్ పాత్రల మీద నీలి గ్లేజు మధ్య ఊదారంగు మేఘంలా విచ్చుకున్నదీ రాగే. 14వ శతాబ్దంలో జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్ కుమ్మరులు రాగితో బొమ్మలు గీసి, పైన పారదర్శకమైన గ్లేజు పూసి కాల్చడం మొదలుపెట్టారు. మింగ్ వంశానికి మూలపురుషుడైన హోంగ్‌వు చక్రవర్తి 1368 నుంచి 1398 దాకా ఏలాడు. ఆయన కాలపు పెద్ద పళ్లేలూ గిన్నెలూ చూస్తే వాటి ఎరుపు చాలామట్టుకు బూడిద తిరిగే ఉంటుంది. వాళ్లు కోరుకున్నది ఎరుపు, వచ్చింది బూడిద. ఆ పళ్లేలే ఇవాళ ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో గౌరవంగా కూర్చున్నాయి. ఆ తర్వాత యోంగ్లె, షువాండే చక్రవర్తుల కాలంలో, అంటే 15వ శతాబ్దపు మొదటి మూడోవంతులో, ఒంటిరంగు ఎరుపు శిఖరానికి చేరింది. అంచున సన్నని తెల్లగీత, దాని కింద ఎక్కడా జారని నిండు ఎరుపు. ఆ పనితనం ఎంతోకాలం నిలవలేదు. జియాజింగ్ చక్రవర్తి 1530లో ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు అని నాలుగు పూజాస్థలాలకూ నాలుగు రంగుల పాత్రలు నిర్ణయించినప్పుడు సూర్యుడి వంతుకు ఎరుపు వచ్చింది. అప్పటికి రాగి ఎరుపు కుమ్మరుల చేయి దాటిపోయింది. గ్లేజు మీద ఇనుపరంగు పూసి తక్కువ వేడిలో రెండోసారి కాల్చిన నారింజ ఛాయ ఎరుపుతో ఆస్థానమే సరిపెట్టుకుంది. ఓ సామ్రాజ్యం తన పూజకు కావలసిన రంగును రాజాజ్ఞతో రప్పించుకోలేకపోయిందంటే ఆ రంగు ఎంత మొండిదో ఊహించవచ్చు. హోంగ్‌వు నాటి బూడిద పళ్లెం పక్కన లేకుండా షువాండే గిన్నె ఒక్కదాన్నే చూసినవాడికి ఈ కథలో సగం కూడా అందదు.

మింగ్ వంశం పోయి, మంచూ పాలకులు వచ్చాక కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో రాగి ఎరుపు మళ్లీ పుంజుకుంది. 1705 నుంచి 1712 దాకా జియాంగ్‌షీ రాష్ట్రాన్ని పాలించిన గవర్నరు లాంగ్ టింగ్‌జీ. ఆయన పేరుమీదే ఆ నాటి నెత్తుటెరుపు పాత్రలను లాంగ్‌యావో అంటున్నారు. ఫ్రెంచివాళ్లు దీనికి ఎద్దు నెత్తురు అని పేరు పెట్టారు. బాగా కుదిరిన లాంగ్‌యావో పాత్రను పాత సేకర్తలు గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. అంచు తెల్లబడాలి, పాదం దగ్గర గ్లేజు చిక్కబడాలి, అయినా పాదం దాటి కారకూడదు. 19వ శతాబ్దపు అనుకరణల్లో చాలావాటికి గ్లేజు పాదం దాటి కారిపోయింది, దాన్ని రాయితో అరగదీసి చదును చేశారు. వేలితో పాదం తడిమితే ఆ అరగదీత తెలుస్తుంది. గమనించండి, ఈ పరీక్ష మొత్తం లోపాల మీదే నిలబడింది. తెల్లబోయిన అంచు ఒక లోపం. పేరుకున్న పాదం ఒక లోపం. అవి ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగాయన్నది చూసే నిపుణులు తీర్పు చెబుతున్నారు. ఉన్న సిరంతా పోగొట్టుకోవాలనుంటే లాంగ్‌యావో కాల్చమని చైనా కుమ్మరుల్లో ఒక ఎత్తిపొడుపు కూడా ఉండేది. అది సరదాకి పుట్టిన మాట అయి ఉండదు.

ఆ నష్టం ఏపాటిదో కళ్లారా చూసి రాసినవాడు దాంత్రకోల్ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ. జింగ్‌డెజెన్ గురించి 1712లోనూ 1722లోనూ ఆయన స్వదేశానికి రాసిన ఉత్తరాలు పింగాణీ చరిత్రకు మూలాధారాలు. వాటిలో ఒక పాత్ర ప్రస్తావన ఉంది. పనివాడు వెదురుగొట్టంతో ఎర్రరంగు ఊది కొన్ని పాత్రలు చేద్దామనుకున్నాడు. బట్టీలో వంద పాత్రలు పూర్తిగా పాడైపోయాయి. ఒక్కటి మాత్రం అకీకురాయిలాంటి రంగులతో బయటికొచ్చింది. అగ్ని చేసిన మార్పు అన్న అర్థంలో అక్కడివాళ్లు దాన్ని యావోబియన్ అన్నారు. ఈ ఖర్చుకూ నష్టానికీ ఓర్చి ప్రయోగాలు చేస్తే, యాదృచ్ఛికంగా వచ్చినదాన్ని కావాలని రప్పించే విద్య పట్టుబడుతుంది కదా అని ఆ పాదిరీ ఆలోచించాడు. ఆయన ఊహ నిజమే అయింది. 1728లో ప్రభుత్వ బట్టీల పనికి వచ్చిన తాంగ్ యింగ్ పాత జున్ గ్లేజుల రహస్యం తెలుసుకురమ్మని హెనాన్‌కు మనిషిని పంపించాడు. యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలం ముగిసేలోగా ఎరుపులోంచి ఊదా, ఊదాలోంచి నీలం పాయలుగా జారే గ్లేజులను జింగ్‌డెజెన్ కావాలనే తయారుచేసింది. పాశ్చాత్య సేకర్తలు ఫ్లాంబే అని ముచ్చటపడేవి ఇవే. అంటే, ఒక తరం పారేసిన తప్పును తర్వాతి తరం గురుతు పెట్టుకుని, పేరు పెట్టి, పద్ధతిగా మార్చుకుంది. మాడిన ఛాయలకు కంచరగాడిద కాలేయం, గుర్రం ఊపిరితిత్తి అంటూ వాళ్లు పెట్టిన పేర్లు వింటే మనకు నవ్వొస్తుంది కానీ, పేరు పెట్టారంటే వాటిని నిలబెట్టి చూశారన్నమాటే.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మార్కెట్టులోనే ఉంది. కాంగ్‌షీ కాలపు చివరి దశాబ్దాల్లో చక్రవర్తి రాతబల్ల కోసం చేసిన చిన్న పాత్రల వర్గం ఒకటుంది. కుంచెలు కడుక్కునే గిన్నె, నీటిబుడ్డి, సిందూరపు భరిణె, పూలు పెట్టుకునే సన్నని సీసాలు, ఇలా ఎనిమిది రూపాలు. వీటి రంగును పీచ్‌బ్లూమ్ అంటారు. గులాబీ, ఎరుపుల నడుమ తేలే రంగు, దానిమీద అక్కడక్కడ నాచు పట్టినట్టు ఆకుపచ్చ మచ్చలు. ఆ ఆకుపచ్చ ఏమిటి? ఇందాక చెప్పుకున్న తప్పే, గాలి తగిలి రాగి వెనక్కి తిరిగిన చోటు. ఏ లోపం కనిపిస్తే నెత్తుటెరుపు కూజా ధర పడిపోతుందో అదే లోపం ఇక్కడ శోభ. 1886లో న్యూయార్కులో మేరీ మోర్గన్ అనే ధనికురాలి సేకరణ వేలానికి వచ్చినప్పుడు అందులోని జానెడు పీచ్‌బ్లూమ్ వాజు ఒకటి 18,000 డాలర్లకు పోయింది. బాల్టిమోర్‌కు చెందిన విలియం వాల్టర్స్ దాన్ని దక్కించుకున్నాడు. ఇప్పటికీ అది ఆ ఊళ్లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉంది. ఆ ధర విని అమెరికా పత్రికలు విరగబడి నవ్వాయి. కానీ వెస్ట్ వర్జీనియాలోని హాబ్స్ బ్రాకునియర్ గాజు కంపెనీ ఊరుకోలేదు. ఆ వాజు రూపాన్నీ రంగునూ అనుకరించి గాజులో చేసి, కింద మృగాకారపు పీట పెట్టి మరీ జనానికి అమ్మింది. లోపం అన్నమాటకు స్థిరమైన అర్థం లేదని ఒప్పించడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తట్టదు.

పడమటి దేశాల కుమ్మరులు ఈ ఎరుపు వెంటపడిన కథలోనూ విజయాలకన్నా వైఫల్యాలే ఎక్కువ నేర్పుతాయి. ఫ్రాన్సులో సెవ్ర్ ప్రభుత్వ కర్మాగారం, తెయొదోర్ దెక్, ఎర్నెస్ట్ షప్లె, జర్మనీలో హెర్మన్ సేగర్ అందరూ 1880ల ప్రాంతంలో దీన్ని పట్టుకున్నవాళ్లే. సేగర్ రసాయన శాస్త్రవేత్త. బట్టీ వేడిని కొలవడానికి వంగే శంకువులను తయారుచేసింది ఆయనే. వేడిని కొలవగలిగిన తర్వాత కూడా ఎరుపు పూర్తిగా లొంగలేదు, ఎందుకంటే చిక్కు వేడితో తీరేది కాదు, గాలిది. అమెరికాలో బోస్టన్ పక్కనున్న చెల్సీలో హ్యూ రాబర్ట్‌సన్ 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చైనా పాత్రలు చూసి మోహంలో పడ్డాడు. ఏళ్లతరబడి ప్రయోగాలు చేసి 1880ల చివర్లో నెత్తుటెరుపు సాధించాడు. 1889లో డబ్బు చాలక ఆయన కార్ఖానా మూతపడింది. తర్వాత డెడ్‌హామ్‌లో కుందేళ్ల బొమ్మలు వేసిన పళ్లేలు అమ్ముకుని బతికాడు. పక్కనే, మళ్లీ మళ్లీ కాల్చి గ్లేజు బుడగలెత్తి లావాలా కారిన ప్రయోగపు కూజాలు చేస్తూనే ఉన్నాడు. ఇంగ్లాండులో బెర్నార్డ్ మూర్ ఈ విద్యలో ఆరితేరాడు. ఆయన సాయంతో డౌల్టన్ కంపెనీవాళ్లు 1904 సెయింట్ లూయీ ప్రదర్శనకు ఫ్లాంబే పాత్రలు పంపారు. ఆ ప్రదర్శనలోనే బర్మింగ్‌హామ్ దగ్గరి స్మెథ్‌విక్‌లోని రస్కిన్ పాటరీకి మేటి బహుమతి దక్కింది. 1898లో తండ్రీ కొడుకులు ఎడ్వర్డ్ టేలర్, విలియం హౌసన్ టేలర్ పెట్టిన కార్ఖానా అది. ఎక్కువ వేడిలో కాల్చిన వాళ్ల ఎర్ర పాత్రల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. కార్ఖానా పని ఆపేశాక హౌసన్ టేలర్ తన గ్లేజుల సూత్రాలన్నీ నాశనం చేసి, 1935లో చనిపోయాడు. కాబట్టి ఆయన ఏం చేశాడో చెప్పగలిగినవి ఇప్పుడు ఆ పాత్రలే. వాటిలో బూడిద తిరిగినవీ, పచ్చబడినవీ, గ్లేజు గడ్డకట్టినవీ పోగేసి వరసగా పెడితే చింపేసిన ఆ నోటు పుస్తకంలో కొన్ని పేజీలైనా తిరిగి చదవొచ్చు. మచ్చలేనివి మాత్రమే ఏరి పెట్టుకుంటే ఒక్క పేజీ దొరకదు.

ఇక అభ్యంతరాలు. రస్కిన్ పేరు వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ పాటరీకి పేరిచ్చిన ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1853 నాటి వెనిస్ వాస్తుకళ గ్రంథంలో పరిపూర్ణత కావాలని పట్టుబట్టేవాడికి కళ అర్థం కాలేదన్నట్టు రాశాడు. నావైపు సాక్షిగా ఆయన్ను పిలవడం సులువు. అలా పిలిస్తే మోసమవుతుంది. రస్కిన్ సమర్థించింది పనివాడి చేతిలోని స్వేచ్ఛను, ఆ స్వేచ్ఛ వల్ల వచ్చే వంకరలను. బట్టీలో గాలి ఎక్కువై ఎరుపు చెడిపోతే అందులో పనివాడి స్వేచ్ఛ ఏముంది? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి నా జవాబు వేరు. రంగు చెడిన పాత్ర గొప్ప కళాఖండమని నేను అనడం లేదు. అది సాక్ష్యం అంటున్నాను. సేకరణ అన్నాక అందులో కళాఖండాలతోపాటు సాక్ష్యాలకూ స్థానం ఉండాలి. నాణేలు సేకరించేవాళ్లు తప్పు అచ్చుపడిన నాణేన్ని ఎందుకు దాచుకుంటారో అడిగి చూడండి. టంకశాలలో పని ఎలా జరిగిందో అది చెబుతుంది కాబట్టి.

ఇంకో అభ్యంతరం దీనికన్నా పదునైనది. ఆ పాత్రలు చేసినవాళ్లే వాటిని తిరస్కరించారు కదా, మనం నెత్తికెత్తుకోవడం వాళ్ల తీర్పును అవమానించడం కాదా? జింగ్‌డెజెన్‌లో చక్రవర్తి బట్టీల స్థలమైన జూషాన్‌లో 1980ల నుంచి జరిగిన తవ్వకాల్లో పగిలిన పింగాణీ గుట్టలుగా బయటపడింది. ఆస్థానానికి పనికిరావని తేలిన పాత్రలను అక్కడే పగలగొట్టి పూడ్చిపెట్టారు. వాటిలో రంగు కుదరని షువాండే ఎర్ర పాత్రలూ ఉన్నాయి. ఆ పెంకులను ఏరి, అతికించి, నిలబెట్టారు పురావస్తువాళ్లు. రాజుగారి బట్టీలో నూటికి ఎన్ని చెడిపోయేవో, ఎలా చెడిపోయేవో తెలిసే దారి ఆ పెంకులతోనే దొరికింది. అక్కడ పగలగొట్టిన చేయి కుమ్మరిదే కావచ్చు, ఆజ్ఞ ఆస్థానానిది. రాజముద్ర ఉన్న సరుకు రాజభవనం దాటకూడదన్న కట్టడి అందులో ఉంది. ప్రైవేటు బట్టీల్లో అంత పట్టింపు లేదు, కాస్త రంగు తప్పినవీ సంతకు వెళ్లి ఎవరింటికో చేరాయి. అందువల్ల, చేసినవాడి తీర్పును గౌరవించడమంటే ఆయన ఏం కొట్టేశాడో తెలుసుకుని మరీ గౌరవించాలి. చిత్తుప్రతి చూడకుండా కవి శ్రమను మెచ్చుకునే మెప్పు ఉత్త మర్యాదే.

అలాగని చెడిపోయిన ప్రతిదాన్నీ ఇంటికి మోసుకురమ్మని నేను చెప్పడం లేదు. ఇక్కడ తేడా చూపించాలి. అగ్ని చేసిన లోపం వేరు, చేతిలో శ్రద్ధ లేక వచ్చిన లోపం వేరు, తర్వాత కాలంలో తగిలిన దెబ్బ వేరు. మట్టి సరిగ్గా పిసకక చీలిన పాదం, తడబడి పూసిన గ్లేజు, వంకర మెడ మనకు చెప్పేది తక్కువ. అంచున పెచ్చు ఊడితే అది వాడకపు గుర్తు, పాత్ర పుట్టుకకు సంబంధించింది కాదు. దాన్ని రంగేసి దాచిపెట్టి ఉంటే అది మోసానికి దారి. ఎర్ర పాత్రల్లో ఈ మరమ్మతులు మరీ ఎక్కువ, చిక్కటి ఎరుపు మీద రంగేస్తే మామూలు వెలుతురులో కన్ను పట్టుకోలేదు. అతినీలలోహిత దీపం కింద పెడితే కొత్త రంగూ లక్కా వేరుగా వెలుగుతాయి. నాలుగు వందల రూపాయల టార్చిలైటు చేసే పని నాలుగు లక్షల కేటలాగు చేయదు. అడుగున ఉన్న ముద్రను చూసి నమ్మేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. లాంగ్‌యావో పాత్రల్లో చాలావాటికి ముద్రే ఉండదు. పీచ్‌బ్లూమ్ పాత్రల కింద నీలంతో ఆరు అక్షరాల కాంగ్‌షీ ముద్ర ఉంటుంది. 19వ శతాబ్ది చివర ఆ ముద్రనే వందలకొద్దీ కొత్త పాత్రల మీద వేశారు. పూర్వుల మీద గౌరవంతో వేసినవాళ్లు కొందరు, అమ్మకం కోసం వేసినవాళ్లు ఎందరో. ముద్రను కాపీ కొట్టడం ఒక కుంచె పని. గ్లేజు ఎక్కడ పలచబడి ఎక్కడ ఆగిందో కాపీ కొట్టాలంటే బట్టీయే కావాలి.

డబ్బు సంగతి దాటేసి వెళ్లలేం. రంగు తప్పిన పాత్ర కొంటే రేపు తిరిగి అమ్మినప్పుడు ఏమొస్తుంది అని అడిగేవాళ్లు ఉంటారు. తక్కువే వస్తుంది, మభ్యపెట్టను. ఈ ప్రసంగం పెట్టుబడి సలహా కోసం విన్నవాళ్లు నిరాశపడక తప్పదు. కానీ తిప్పి చూస్తే ఇదే లాభం కూడా. మచ్చలేని లాంగ్‌యావో కూజా మామూలు ఉద్యోగికి జన్మలో అందదు. ఎరుపు సగం పచ్చబడిన 19వ శతాబ్దపు చైనా సీసా, బూడిద తిరిగిన డౌల్టన్ వాజు, గ్లేజు పాదానికి కారి గడ్డకట్టిన రస్కిన్ గిన్నె ఆ ధరలో చిన్న భిన్నానికి దొరుకుతాయి. అలాంటి పది పాత్రలు దగ్గర పెట్టుకుని రోజూ చేతిలోకి తీసుకుని చూసేవాడికి, అద్దాల బీరువాలో ఒక్క మేలిమి కూజా తాళం వేసుకున్నవాడికన్నా కన్ను తొందరగా తెరుచుకుంటుంది. దొంగసరుకు చేసేవాళ్లు రేపు తప్పులనూ అనుకరిస్తే అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. అనుకరిస్తారు, ఇప్పటికే అనుకరిస్తున్నారు. అయితే తప్పులకు ధర తక్కువ ఉన్నంతకాలం ఆ పనిలో వాళ్లకు గిట్టుబాటు తక్కువ. ధర పెరిగిన రోజున నా వాదన గెలిచినట్టే, సేకరణ మాత్రం అధ్వాన్నమవుతుంది. ఈ ఇరకాటానికి నా దగ్గర మందు లేదు.

ఎర్రగా ఉన్నదల్లా రాగి కాదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా దిగేవాళ్లు తడబడేది ఇక్కడే. ఇనుపరంగు నారింజ వైపు వాలుతుంది, గ్లేజు పైన పొరలా ఉంటుంది. ఇటలీలోని గుబ్బియోలో 16వ శతాబ్దపు మాస్త్రో జోర్జో పళ్లేల మీదా, విక్టోరియా కాలపు విలియం డి మోర్గన్ పలకల మీదా మెరిసే కెంపురంగు గ్లేజు మీద పొగమంటలో పట్టించిన సన్నని లోహపు పొర. 20వ శతాబ్దంలో వచ్చిన సెలీనియం, కాడ్మియం ఎరుపు మంటతో పేచీ తక్కువ పెట్టుకుని, గోడకు రంగేసినట్టు సమంగా వస్తుంది. అమెరికాలో 1936లో మొదలైన ఫియెస్టా పళ్లేల నారింజెరుపులో యురేనియం ఆక్సైడు వాడారు. యుద్ధకాలంలో, 1943లో, ఆ యురేనియం ప్రభుత్వానికి కావాల్సి రావడంతో ఆ రంగు ఆగిపోయింది, 1959లో మళ్లీ వచ్చింది. అలంకరణ పాత్రల్లో, ముఖ్యంగా తక్కువ వేడిలో కాల్చినవాటిలో, సీసం ఉండొచ్చు. కాబట్టి పాత ఎర్ర గిన్నెలో పులుసు పోసుకోవద్దు. మచ్చ లేకపోవడమే గొప్పతనమనే సూత్రాన్ని నిజంగా నమ్మితే, అందరికన్నా పైన కూర్చోవలసింది ఈ కాడ్మియం ఎరుపే. దాని సమానత్వానికి సాటి లేదు. అయినా ఏ సేకర్తా దానికి లాంగ్‌యావో ధర ఇవ్వడు. తాము దేనికి డబ్బు ఇస్తున్నారో సేకర్తలకు లోలోపల తెలుసు, సూత్రం మాత్రం ఇంకోలా చెబుతున్నారు.

మన దగ్గర పాత చైనా పింగాణీ చూడాలనుకునేవాళ్లకు హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో చైనా, జపాన్ పింగాణీకి ప్రత్యేకంగా గదులున్నాయి. వెళ్లినవాళ్లు బోర్డు చదివి తర్వాతి అద్దం దగ్గరికి కదిలిపోకుండా, ఏ రంగు గ్లేజు అయినా సరే, అంచు దగ్గర ఎలా పలచబడిందో పాదం దగ్గర ఎలా ఆగిందో కాసేపు చూడండి. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలోనో ఇంగ్లాండులోనో ఉంటున్న మనవాళ్లు సెలవులకు వచ్చి తాతగారింటి కూజాను సూట్‌కేసులో పెట్టుకు పోవడానికి లేదు. అక్కడే కొనుక్కునేవాళ్లయితే, ఆ వస్తువు ఏ చేతుల మీదుగా వచ్చిందో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు బీజింగ్ వేసవి రాజభవనాన్ని దోచుకున్నప్పుడు తరలిపోయిన పింగాణీ ఇంకా వేలాలకు వస్తూనే ఉంది, అలాంటిది చేతికొస్తే ఎరుపు ఎంత పండినా తలనొప్పే.

మ్యూజియాలవాళ్లకు ఒక విన్నపం. అద్దాల పెట్టెలో పాత్ర పాదం ఎప్పుడూ కనబడదు, కాబట్టి అడుగున చిన్న అద్దం ఒకటి పెట్టండి. గోదాములో రంగు చెడిందని పక్కన పెట్టిన పాత్ర ఏదైనా ఉంటే దాన్ని పైకి తీసి మంచిదాని పక్కనే నిలబెట్టండి, కింద బోర్డు మీద ఏ తప్పు ఎందుకు జరిగిందో రెండు వాక్యాలు తెలుగులో రాయండి.